పైపులోని నూనె ఎటు పోయింది

సున్నంలాంటి తెల్లటి పొడి ఒకటి, నీళ్ళలా కనిపించే నూనె ఒకటి. ఈ రెండూ కలిస్తే పైపు పుడుతుందని కంపెనీలో చేరిన రోజు ఎవరో చెబితే కొండల్ నమ్మలేదు. నమ్మకపోగా నవ్వాడు కూడా. ఆ పొడిని ఉత్తగా వేడిచేసి పోత పోస్తే రాయిలా గట్టిపడుతుంది, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. అదే పొడికి తగుమాత్రం నూనె పట్టించి మిక్సర్‌లో వేడివేడిగా తిప్పితే మిషన్ మూతిలోంచి పాములా జరజరా బయటికొస్తుంది. వేలికి చుడితే చుట్టుకుంటుంది, ముడేస్తే ముడిపడుతుంది. బొంగులూరు నుంచి ఇబ్రహీంపట్నం పోయే దారిలో, వెంచర్ల రంగుల గేట్ల వెనక ఉన్న రేకుల షెడ్డులో ఈ పని చేయబట్టి కొండల్‌కు ఇరవై ఏళ్ళు కావస్తోంది. అయినా మిషన్ మూతి దగ్గర నిలబడి, పుట్టుకొస్తున్న పైపును చూసి నోరు తెరవని రోజు లేదు.

కంపెనీలో అతను మిక్సర్ మనిషి. ఎంత పొడికి ఎంత నూనె తాగించాలో అతని చేతికి తెలుసు. ఒక మగ్గు తగ్గితే పైపు బిర్రుగా వస్తుంది, ఒక మగ్గు ఎక్కువైతే పైకి జిడ్డు కక్కుతుంది. ఆ నూనెకు డ్రమ్ము మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరొకటి ఉండేది గాని, దాన్ని కూడబలుక్కుని చదివే అవసరం ఎవరికీ పడలేదు. అందరికీ అది నూనె, అంతే. రంగు లేదు, వాసన లేదు, ముట్టుకుంటే కొబ్బరినూనెకు తమ్ముడిలా ఉంటుంది. మగ్గు జారి డ్రమ్ములో పడ్డప్పుడల్లా కొండల్ మోచేతిదాకా చెయ్యి ముంచి తీసేవాడు. దాని పుణ్యమా అని అతని అరచేతులు కూలి చేసుకునేవాడి చేతుల్లా కాకుండా మెత్తగా ఉండేవి.

"నీ చేతులు సూసినోళ్ళు నేను కష్టం జేస్తుంటే నువ్వు కూసోని తింటున్నవనుకుంటరు" అని అతని భార్య అనురాధ వెక్కిరించేది.

అనురాధ కష్టం మాత్రం అబద్ధం కాదు. నాలుగు బర్రెలను పొద్దున, సాయంత్రం చేత్తో పిండీ పిండీ ఆమె బొటనవేళ్ళు వాచిపోయి అన్నం ముద్ద కలపడమే గండమైంది. చివరికి పాలు పిండే మిషన్ ఒకటి తెచ్చుకున్నారు. బర్రె చన్నులకు కప్పులు తొడిగి స్విచ్చు వేస్తే, పాలు పైపులోంచి నేరుగా క్యానులోకి వచ్చి పడతాయి. ఇంత మంచి మిషన్‌కు వచ్చిన పైపును నిరుడు దసరా ముందు ఎలుకలు కొరికేశాయి. మిషన్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే రేపు అన్నారు, ఎల్లుండి అన్నారు. కొండల్‌కు పౌరుషం వచ్చింది. "పైపులు జేసేటోని ఇంట్ల పైపుకు కరువా?" అనుకున్నాడు. తన చేత్తో కలిపిన సరుకులోంచి, గాజులా మెరిసే పైపు చుట్ట ఒకటి సూపర్‌వైజర్‌ను అడిగి మరీ తెచ్చాడు. ఒక ముక్క కోసి మిషన్‌కు తగిలించాడు. మిగిలిన ముక్కను అదే కొట్టంలో కుళాయి నుంచి బర్రెల నీళ్ళ తొట్టికి వేశాడు.

ఆ సాయంత్రం స్విచ్చు వేసినప్పుడు ఇల్లంతా కొట్టంలో చేరింది. తెల్లటి పాలు ఎగిరెగిరి పడుతూ పైపులోంచి పోతుంటే కొండల్ తల్లి ఎంకమ్మ చేతులు జోడించింది. "పాలు నడిచొచ్చుడు గిప్పుడే సూస్తున్న కొడుకా" అంది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, కొండల్ చూపంతా పాల మీద కాదు, పైపు మీదే ఉంది. చూడటానికి వచ్చిన పాలవాళ్ళు ముచ్చటపడితే, మళ్ళీ చుట్ట తెచ్చి వాళ్ళ మిషన్లకూ తలా ఒక ముక్క పంచిపెట్టాడు. అది తోటలకు నీళ్ళు పెట్టడానికి, కార్లు కడగడానికి చేసిన పైపు. తినే తాగే వస్తువులకు వేరే రకం ఉంటుందని అతనికి లీలగా తెలుసు. కానీ పైపు పైపే కదా అనుకున్నాడు. మనమైనా అంతే అనుకుంటాం.

శ్రావణంలో కూతురు సింధును కాన్పుకు తీసుకొచ్చారు. ఏడో నెల. పెద్ద అంబర్‌పేట్‌లో అత్తవారింట్లో ఉండగా రెండేళ్ళ కింద ఒక కడుపు నిలవలేదు. ఐదో నెలలో పోయింది. ఆ తర్వాత సింధు ఏడాదిపాటు ఎవరి పిల్లనూ ఎత్తుకోలేదు. అందుకే ఈసారి ఆ ఇంట్లో గాలి కూడా మెల్లగా వీచాలన్నట్టు ఉండేది. అల్లుడు దింపిపోతూ "జర పైలం మామా" అని ఒక్క మాటే అన్నాడు గాని, ఆ మాట కొండల్ గుండెలో బరువుగా కూర్చుంది. ఈ బిడ్డ దక్కాలి. అతనికి వేరే కోరిక లేదు.

అనురాధకు తెలిసిన వైద్యం ఒక్కటే, పాలు. పొద్దున పెద్ద స్టీలు గ్లాసుడు, రాత్రి పెద్ద స్టీలు గ్లాసుడు, మధ్యాహ్నం గట్టి పెరుగు, అన్నంలో తేలేటంత నెయ్యి. మీగడ ఇంకెవరికీ లేదు. "నాకు సాలమ్మా, ఇగ పొంగి పొర్లిపోత" అని సింధు మొత్తుకుంటే, "పొర్లేది నువ్వు గాదు, లోపలోడు" అని ఎంకమ్మ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చునేది.

ఇట్లా కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం కొండల్ డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కొట్టంలోంచి టప్పుమని చప్పుడైంది, వెంటనే అనురాధ కేక. చిన్న బర్రె కాలు విసిరితే పైపు రెండు ముక్కలైంది. పాలు గోడ మీద చిమ్మాయి.

"నీ పైపు గింతేనాయె!" అంది అనురాధ తడిసిన మొహం తుడుచుకుంటూ. "పాము అంటివి, చుట్టుకుంటది అంటివి. కట్టెపుల్ల లెక్క ఇరిగె."

కొండల్‌కు రోషం పొడుచుకొచ్చింది. ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. నిజమే, కట్టెపుల్లలా ఉన్నాయి. గాజు మెరుపు పోయి పచ్చబడ్డాయి. వంచితే వంగకుండా మొరాయించి, ఇంకొంచెం వంచితే మళ్ళీ విరిగాయి. తన పైపు విరగడమా! ఎండలో ఏళ్ళు పడుంటే బిర్రెక్కుతుందని తెలుసు. ఇది ఎండ మొహం చూడలేదు. ఏడాది కూడా నిండలేదు. మిక్సర్‌లో నూనె తక్కువ పోశానా అని తనమీదే అనుమానం వచ్చింది. అదే చుట్టలోంచి కోసిన రెండో ముక్క కొట్టంలోనే ఉందని గుర్తొచ్చి, తొట్టి దగ్గరకు పోయి దాన్ని పట్టుకున్నాడు.

అది మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. వేలికి చుడితే చుట్టుకుంది, వదిలితే విడిపోయింది.

కొండల్ ఒక చేతిలో ఒకటి, ఇంకో చేతిలో ఇంకొకటి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఒకే పొడి, ఒకే నూనె, ఒకే చుట్ట. ఒకే కప్పు కింద, ఒకే నీడలో ఉన్నాయి. తేడా ఒక్కటే. ఒకదానిలోంచి నీళ్ళు పోయాయి, ఒకదానిలోంచి పాలు పోయాయి. పైపును మెత్తగా ఉంచేది నూనె. పైపు గట్టిపడిందంటే నూనె లేదు. మరి ఆ నూనె ఎటు పోయింది?

ఇరవై ఏళ్ళలో అతను ఈ ప్రశ్న వేసుకోలేదు. నూనె పొడిలో కలిసిపోయింది కాబట్టి ఇక అందులోనే ఉంటుందనుకున్నాడు. అది అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉందని, మంచి చోటు దొరికితే సామాను సర్దుకుని పోతుందని ఇప్పుడు చేతిలో కనిపిస్తోంది. నీళ్ళంటే నూనెకు పడదు, కాబట్టి నీళ్ళ పైపులో కదలకుండా ఉండిపోయింది. పాలలో వెన్న ఉంది. వెన్నా నూనే కదా. పొదుగు నుంచి గోరువెచ్చగా వచ్చిన పాలు పూటపూటా పైపును తడుముతూ పోతుంటే, చుట్టాన్ని చూసినట్టు బయలుదేరి వాటి వెంట వెళ్ళిపోయింది. చుక్క రాలలేదు, వాసన రాలేదు, పాల రంగు మారలేదు. ఎవరి కళ్ళముందూ జరగలేదు, అందరి కళ్ళముందే జరిగింది. అంత పెద్ద వింతను చూసి కొండల్‌కు ముందు ఒళ్ళు జలదరించింది. భయం ఆ తర్వాత వచ్చింది.

పాలల్లోకి పోయింది. పాలు ఎటు పోయాయి?

ఇంట్లోకి పరుగెత్తాడు. మంచం మీద సింధు గోడకు చేరగిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు, పై పెదవి మీద మీగడ.

"బిడ్డా, గవి తాగకు."

"ఎందుకు బాపు?"

చల్లకొచ్చి ముంత దాచినట్టు కొండల్ నీళ్ళు నమిలాడు. గ్లాసు లాక్కుని వాకిట్లో గుమ్మరించాడు. ఆగకుండా కొట్టంలోకి పోయి క్యాను ఎత్తి, ఉన్న పాలన్నీ పెంటకుప్ప మీద వంపేశాడు. ఎంకమ్మ గుండెలు బాదుకుంది.

"ఓరి నీ పాడుగాను! కడుపుతోని ఉన్న ఆడివిల్ల ఇంట్ల ఉండంగ పాలు నేలపాలు జేస్తవురా? ఏం దయ్యం పట్టిందిరా నీకు?"

మొగుడి మొహం చూసి ఇది కోపం కాదని అనురాధకు అర్థమైంది. కొండల్ రెండు పైపు ముక్కలూ మంచం మీద పెట్టి, తెలిసినంతవరకు చెప్పాడు. ఆ నూనె మంచిదో చెడ్డదో తనకు తెలియదన్నాడు. తాగేది మాత్రం కాదన్నాడు. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ లేదు గాని, నోట్లో పోసుకోమని కూడా లేదు కదా అన్నాడు.

అనురాధ రెండు ముక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి వంచి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనే పోసిన గద" అంది. "ఒద్దంటే గూడ గొంతుల పోసిన."

సింధు కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించింది. లోపలి నుంచి చిన్న తన్ను తగిలింది. "ఉన్నడు బాపు. ఆడుతనే ఉన్నడు. రేపు దవాఖానల అడుగుదాం" అంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ముగ్గురు పెద్దవాళ్ళకు ధైర్యం చెప్పింది. కొండల్ సిగ్గుపడ్డాడు. సిగ్గుతో పాటు కొంచెం ఊపిరి కూడా ఆడింది.

మర్నాడు సర్కారు దవాఖానలో డాక్టర్ నందిని ముందు సింధును చూసింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది, బరువు చూసింది, అంతా సక్రమంగానే ఉందంది. అప్పుడు కొండల్ జేబులోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ గట్టి ముక్కను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"నేను దీని గురించి చదివిన. గని గిట్ల చేతిల పట్టుకుని సూసుడు గిదే మొదటిసారి" అంది మెల్లగా. "మీ నూనెను థాలేట్ అంటరు. అదొక్కటి కాదు, పెద్ద కుటుంబం. ప్లాస్టిక్ మెత్తగ ఉన్న చాలా చోట్ల ఉంటది."

"బిడ్డకు ఏమన్న అయితదా మేడం? ఉన్నదున్నట్టు జెప్పుండ్రి."

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"కడుపుల బిడ్డ తయారైతున్నప్పుడు ఎవరు చెప్తరు కొండల్ గారూ, ఇప్పుడు ఇది చెయ్యి, ఇగ అది ఆపు అని? హార్మోన్లని ఉంటయి. రక్తంల కబుర్లు మోస్తయి. ఎంత ఉంటయంటే, ఇబ్రహీంపట్నం చెరువుల చిటికెడు ఉప్పేస్తే ఎంతనో, గంత. ఆ చిటికెడుతోనే అన్నీ నడుస్తయి. మీ నూనెకు ఆ కబుర్ల నడుమ దూరే గుణం ఉంది. అందుకే భయం. నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు జర పెరుగుతదని, మగపిల్లల ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని పరిశోధనలల్ల కనిపించింది. గని ఒక మనిషిని ముందట నిలబెట్టి నీకు గిది అయితది అని నేను జెప్పలేను. ఎవ్వరూ జెప్పలేరు."

కొండల్ తల దించుకున్నాడు. చెరువులో చిటికెడు. అతను మగ్గులతో పోసే మనిషి.

"ఒక మంచి మాట కూడ ఉంది" అంది ఆమె. "ఈ నూనె ఒంట్ల ఇల్లు కట్టుకోదు. లోపలికి పోంగనే ఒళ్ళు దాన్ని పట్టుకుని, కరిగించి, మూత్రంల బయటికి తోస్తది. ఒకటి రెండు రోజులల్ల చానా మట్టుకు పోతది. కొత్తది లోపలికి పోకుంటే చాలు. మన కష్టమేందంటే, రోజూ ఏదో ఒక దిక్కుకెల్లి పోతనే ఉంటది. వేడి కూరలు కవర్లల్ల కట్టించుకుంటం, ఘాటు వాసన పౌడర్లు పూసుకుంటం. అన్ని ఆపలేం. ఆపగలిగినయి ఆపుదాం."

ఎవరూ చెప్పకుండానే, నిద్రలో కూడా, సింధు ఒళ్ళు ఆ నూనెను పట్టి పట్టి బయట పడేస్తోందట. కొండల్ కూతురి వైపు చూశాడు. ఆమె చెమట తుడుచుకుంటూ ఫ్యాను కిందికి జరిగి కూర్చుంది. చూడటానికి మామూలు పిల్ల. లోపల ఇంత పెద్ద కార్ఖానా నడుస్తోందని ఎవరికి తెలుసు? అతనికి దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

"ఇంతకు మీరు కంపెనీల ఏం పని జేస్తరు?" అని అడిగింది డాక్టరమ్మ.

కొండల్ చెప్పాడు. ఆమె అతని అరచేతులు చాపమని చూసింది. వేడి మిక్సర్ పొగ ఎక్కడికి పోతుందని అడిగింది. డ్యూటీ బట్టలు ఎక్కడ విప్పుతారని అడిగింది. ఇంట్లో, అన్నాడు. వాటిని ఎవరు ఉతుకుతారు? అనురాధ, అందరి బట్టలతో కలిపి. గ్లవుజులు? ఎప్పుడో ఇచ్చారు, చెమట పడుతుందని వేసుకోలేదు.

"అయితే పైపు ఒక్కటే కాదు" అంది ఆమె. తిట్టినట్టు అనలేదు. "గ్లవుజులు, ముక్కుకు మాస్కు పెట్టుకోండ్రి. బట్టలు ఆడనే మార్చుకోండ్రి, ఏరే ఉతకండ్రి. ఇంటికి రాంగనే తానం చేసినంకనే లోపలికి పోండ్రి."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కొండల్ తన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అనురాధ వెక్కిరించే ఆ మెత్తదనం ఎక్కడిదో ఇన్నేళ్ళకు తెలిసింది. నూనె డ్రమ్ము కంపెనీలోనే ఉండిపోతుందనుకున్నాడు. అది రోజూ సాయంత్రం రెండు కాళ్ళ మీద నడిచి తన ఇంటికే వస్తోంది.

ఆ వారం కొండల్ చేసిన పనికి ఊళ్ళో నవ్వినవాళ్ళే ఎక్కువ. ముందు పాల కేంద్రానికి పోయి, అక్కడ పాలు పోయించుకునే మల్లేశయ్యకు రెండు ముక్కలూ చూపించి జరిగింది చెప్పాడు. మల్లేశయ్య గడ్డం గోక్కుని, పాల పైపులు సరైనవి పెట్టుకున్నవాళ్ళ పాలే తీసుకుంటానని ఆ పూటే అందరికీ చెప్పాడు. తర్వాత కొండల్ తాను ముక్కలు పంచిన ఇళ్ళకు పోయి వాటిని వెనక్కి అడిగాడు. ఇచ్చింది తిరిగి అడిగేవాణ్ణి ఊరు ఏమంటుందో తెలిసిందే. "అంత గనం పైపాయెనా, ఇడిసి ఉండలేకపోతున్నవా?" అని ఒకామె మొహం మీదే అంది. కొండల్ ఆ మాట పడ్డాడు. విరిచి చూపించి, విషయం చెప్పి, అన్నీ పోగుచేసుకుని వచ్చాడు. అన్నీ కట్టెపుల్లల్లాగే ఉన్నాయి.

ఇంట్లో ఇంకో తమాషా. కనిపించిన ప్రతి వస్తువునూ బొటనవేలితో నొక్కి చూడటం మొదలుపెట్టాడు. టేబుల్ మీద పరిచిన పూల గుడ్డ, వానకోటు, బాత్‌రూమ్ చెప్పులు, మనవడికని ముందే కొన్న రబ్బరులాంటి బాతు. మెత్తగా తగిలితే చాలు, దొంగను పట్టుకున్నట్టు పక్కకు పెట్టేవాడు. "నా చెంపలు గూడ నొక్కు కొడుకా, మెత్తగనే ఉన్నయి" అంది ఎంకమ్మ. సింధు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని అనురాధ కూడా నవ్వింది. పైపు విరిగిన రోజు నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

పాల మిషన్ వాళ్ళు అసలు పైపు పంపేదాకా అనురాధ మళ్ళీ చేత్తోనే పిండింది. నేను పిండుతానని కొండల్ వస్తే, "నీ చేతులు దూరం పెట్టు" అంది. అన్నాక మొగుడి మొహం చూసి నొచ్చుకుంది. "వేళ్ళు నొస్తలేవులే" అని అబద్ధమాడింది. పాలు స్టీలు చెంబులోకి చుయ్ చుయ్ మని పడుతుంటే కొండల్ కొట్టం బయట నిలబడి వినేవాడు.

నెలలు ఒక్కొక్కటీ నిండాయి. ఎనిమిదో నెలలో ఒక రోజు సింధు నడుము నొప్పి అంటే ఇంట్లో పొయ్యి వెలగలేదు. నెలలు నిండకముందే అన్న డాక్టరమ్మ మాట కొండల్ చెవిలోంచి పోయేది కాదు. మిక్సర్ దగ్గర గ్లవుజులు, మాస్కు వేసుకుని నిలబడి, మిషన్ మూతిలోంచి వస్తున్న పైపును ఇప్పుడు మరో రకంగా చూసేవాడు. వింత తగ్గలేదు, దానికి భయం తోడైంది. ఇంత నూనె ఎన్ని ఊళ్ళకు పోతోంది, ఎక్కడెక్కడ మెల్లగా దిగిపోతోంది అనుకునేవాడు. పని మానేద్దామా అని ఆలోచించాడు. మానేస్తే ఇంకో పని ఈ వయసులో ఎవరిస్తారు? ఆ ఆలోచన ఎటూ తెగేది కాదు.

తొమ్మిది నిండి, డాక్టరమ్మ చెప్పిన వారంలోనే నొప్పులొచ్చాయి. కంపెనీకి ఫోన్ వస్తే కొండల్ కట్టుబట్టలతో బండెక్కాడు. దవాఖాన వరండాలో అనురాధ, ఎంకమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. లోపల ఏడుపు వినిపించింది. అది గట్టి ఏడుపు, గొంతు నిండా ఊపిరి ఉన్న ఏడుపు. కొండల్ గోడకు ఆనుకున్నాడు. రూత్ అనే నర్సు తెల్లటి గుడ్డలో బిడ్డను చుట్టుకుని వచ్చింది.

"ఆడపిల్ల. మంచిగున్నది. తల్లి గూడ మంచిగున్నది. పట్టుకో తాతా."

కొండల్ రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వీపు వెనక దాచుకున్నాడు. అతని చొక్కా మీద ఇంకా తెల్లపొడి ఉంది. "నేను డ్యూటీకెల్లి అట్లనే వచ్చిన. నేను పట్టుకోను" అన్నాడు. రూత్‌కు అర్థం కాలేదు. మనవరాలు పుట్టిందని మొహం మాడ్చుకునేవాళ్ళను ఆమె చూసింది గాని, మొహం వెలిగిపోతూ దూరం జరిగేవాణ్ణి చూడలేదు. అనురాధ బిడ్డను అందుకుంది. కొండల్ దూరం నుంచే మెడ సాచి చూశాడు. ఇంతంత గోళ్ళు, ఎవరో కూర్చుని కోసి అతికించినట్టున్నాయి.

పురుడు వెళ్ళేదాకా సెలవు కావాలని సూపర్‌వైజర్‌ను అడిగితే, అది తల్లికిచ్చే సెలవు కదా, తాతకు ఎందుకని నవ్వాడు. అయినా ఇచ్చాడు. కొండల్ తనకు తానే ఒక మైల పెట్టుకున్నాడు. స్నానం చేసి లోపలికి పొమ్మని డాక్టరమ్మ చెప్పింది నిజమే గాని, అతనికి అది చాలలేదు. పైనున్నది పోతే కాదు, లోపలున్నది కూడా పోవాలి. ఒంట్లోంచి అది పోవడానికి ఒకటి రెండు రోజులు చాలన్న మాట కూతురికి ఎంతో తనకూ అంతే కదా. అయినా ఇరవై ఏళ్ళ సరుకు, ఇంకా కొంచెం గడువు ఇద్దామనుకున్నాడు. పొద్దునా సాయంత్రం స్నానం, ఉతికిన బట్ట, చెంబులకొద్దీ నీళ్ళు. బాలింత గది గడప బయట కూర్చుని లోపలికి చూసేవాడు. "పురుడు దానికా, నీకారా?" అని ఎంకమ్మ వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. సింధు నవ్వేది కాదు. పాపను అతని వైపు తిప్పి పడుకోబెట్టేది.

పురుడు రోజు ఇల్లంతా కడిగారు. తల్లికీ బిడ్డకూ తలంటు పోశారు. కొండల్ కూడా తలస్నానం చేసి వచ్చి, ఆ ఇంట్లో కొత్తగా అడుగుపెట్టినవాడిలా గడప దాటాడు. గోడ పక్కన చాప మీద కూర్చుని చేతులు చాచాడు. సింధు పాపను అందులో పెట్టింది.

పెట్టేటప్పుడు పాప చెవి ఒకటి గుడ్డ కింద మడతపడింది. కొండల్ హడలిపోయి ఒక వేలితో మెల్లగా విడదీశాడు. అది కాగితం అంత పల్చటి చెవి. ముడుచుకున్నది విచ్చుకుని, ఎక్కడుండాలో అక్కడికే వచ్చి నిలబడింది. అతను ఊపిరి బిగబట్టి దాన్నే చూశాడు. ఇరవై ఏళ్ళు గట్టిదాన్ని మెత్తగా చేయడమే అతని బతుకు. నూనె పొయ్యనిదే మెత్తదనం రాదు, పోసినది నిలవదు. ఇక్కడ ఎవరూ ఏదీ పొయ్యలేదు. మగ్గు లేదు, కొలత లేదు, చిటికెడుతో కబుర్లు నడిచాయి, అన్నీ సమయానికి అందాయి. తన నూనె నడుమ దూరినా అందాయి.

"గింత మెత్తగ ఎట్లొచ్చినవే?" అన్నాడు పాపతో.

పాప నోరు తిప్పి, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.

కాసేపయ్యాక అనురాధ వచ్చి చేతులు చాచింది. "ఇగ ఇయ్యి. నువ్వు లేసి అన్నం తిను, పొద్దుగాల్నుంచి ఏం తినలే."

"జరసేపు ఆగు" అన్నాడు కొండల్, పాప మీద నుంచి చూపు తిప్పకుండా. "రేపటికెల్లి మళ్ళ డ్యూటీ గద."

అనురాధ చేతులు వెనక్కి తీసుకుని, అతని పక్కనే చాప మీద కూర్చుంది.